బొమ్మ విమానముల కథ



నేడు నేను మీకు బొమ్మ విమానముల చరిత్రమును చెప్పదలచితిని. “పెద్దవారికి బొమ్మల కథ యేమిటి?” అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే నవ్వినవాడను. నవ్వి యూరకుండక ఒక తప్పును గూడ చేసితిని. ఆ తప్పు చెప్పుకొనియే ప్రసంగము ప్రారంభించుట న్యాయము.

1968వ సంవత్సరమున నేనొక పల్లెటూరి పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడను. అప్పటికి నాకు ఇరువదియైదేండ్లు. కోపమెక్కువ, ఓర్పు తక్కువ. ఒకనాడు నల్లబల్లపై త్రైరాశికము బోధించుచుండగా, వెనుక వరుసలో ఒక బాలుడు తల వంచుకొని బల్ల క్రింద నేదో చేసికొనుచుండెను. దగ్గరకు పోయి చూచితిని. వెదురు బద్దలు, గాలిపటపు కాగితము, తుమ్మబంక, సైకిలు ట్యూబునుండి కోసిన రబ్బరు పట్టీ, వీనితో వాడొక విమానమును చేసికొనినాడు. అది మూరెడు పొడవున్నది. నేను దానిని లాగికొని, “లెక్కలు రానివానికి విమానములెందుకురా?” అని మందలించి బీరువాలో పడవైచితిని. తరువాత దానిమీద హాజరుపట్టీలును, జవాబు కాగితముల కట్టలును పడినవి. సంవత్సరాంతమున బీరువా సర్దునప్పుడు చూచితినిగదా, అది విరిగిన పుల్లలును చినిగిన కాగితమునై యుండెను. వాడు తిరిగి యిమ్మని అడుగలేదు. విరిగినదని నేనును చెప్పలేదు.

వాని మాట చివర మరల చెప్పెదను. ముందు చరిత్రలోనికి పోవుదము.

సాధారణముగా పెద్ద వస్తువు ముందు పుట్టును. దాని బొమ్మ తరువాత పుట్టును. ఏనుగున్నది గనుక కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రతో ఏనుగు అంబారీని చేసిరి. బండి యున్నది గనుక పిల్లలకు తాటిబుర్రల బండి వచ్చినది. విమానము విషయమున మాత్రము ఈ క్రమము తలక్రిందైనది. ముందు బొమ్మ ఎగిరినది. అది యెగిరిన నూరేండ్లకు గాని, మనుష్యుడు యంత్రమునెక్కి తాను కోరిన త్రోవను ఎగురలేకపోయెను. 1783లోనే ఫ్రాన్సు దేశమున మనుష్యులు బుడగలనెక్కి ఆకాశమునకు లేచిన మాట నిజమే. అయినను బుడగ గాలి తోలిన దిక్కునకు పోవునే గాని, మనము తలచిన దిక్కునకు పోదు.

ఇంగ్లండు దేశమున యార్కుషైరు ప్రాంతమున సర్ జార్జి కేలీ యను భూస్వామి యుండెను. పూర్వులందరును పక్షిని చూచి, రెక్కలాడించినగాని ఎగురుట సాధ్యము కాదనుకొనిరి. చేతులకు రెక్కలు కట్టుకొని గోపురములమీదనుండి దూకి కాళ్లు విరుగగొట్టుకొనినవారును గలరు. కేలీ మరియొక విధముగా ఆలోచించెను. గ్రద్ద ఆకాశమున తిరుగునప్పుడు రెక్కలాడించకయే చాలసేపు నిలిచియుండునుగదా! అట్లయిన పైకి నిలుపు పని వేరు, ముందునకు నడుపు పని వేరు. రెక్క కదలనక్కరలేదు, గాలికి ఎదురుగా సరియైన వాలులో నిలిచిన చాలును. ఇది తెలిసికొని ఆయన 1804లో ఐదడుగుల పొడవుగల కర్రకు ముందుప్రక్క ఒక గాలిపటమును రెక్కగా కట్టి, వెనుకప్రక్క సవరించుటకు వీలగు తోకను అమర్చి, కొండవాలునుండి విడిచి చూచెను. అది చక్కగా జారి దిగెను. నేటి విమానములన్నిటి ఆకారము, అనగా ముందు స్థిరమైన రెక్క, వెనుక తోక, ఆ కర్రబొమ్మలో నున్నది. మన పిల్లలు సంక్రాంతికి ఎగురవేయు గాలిపటమునకును విమానమునకును ఉన్న చుట్టరికమిదియే.

కేలీ ఆ బొమ్మతో తృప్తి చెందలేదు. దాదాపు ఏబదియేండ్ల తరువాత, 1853లో, తాను డెబ్బదితొమ్మిదేండ్ల వృద్ధుడై యుండగా పెద్ద యంత్రమును చేయించి, తన బండి తోలువానిని దానిలో కూర్చుండబెట్టి ఒక లోయమీదుగా విడిపించెను. అది అతనిని ఆవలిగట్టునకు చేర్చెను. తాను బండి తోలుటకు కుదిరితినే గాని ఎగురుటకు కుదురలేదని చెప్పి ఆ తోలరి కొలువు మానుకొనెనని యొక కథ వాడుకలో నున్నది.

తరువాత చెప్పదగినవాడు ఫ్రాన్సు దేశీయుడగు ఆల్ఫోన్స్ పెనో. అతడు నౌకాసేనాని కుమారుడు. తుంటి కీలు వ్యాధిచే తాను నౌకాదళమున చేరలేకపోయెను. ఇంజనుతో యంత్రమునెగురవేయుట అప్పటివారికి దుస్తరముగా నుండెను. ఆవిరియంత్రము మిక్కిలి బరువు. పెనో 1870లో ఒక చిన్న ఉపాయము కనిపెట్టెను. రబ్బరు పట్టీని మెలిపెట్టి విడిచినచో అది తిరిగి విప్పుకొనుచు పంకాను త్రిప్పును. బరువు లేదు, నిప్పు లేదు, నీరు లేదు. 1871 ఆగస్టు 18న పారిసు నగరమున తూలరీ ఉద్యానములో పెద్దల సమక్షమున అతడు తన బొమ్మ విమానమును విడిచెను. దాని పొడవు మూరెడు. బరువు పదునారు గ్రాములు. అది పదునొకండు సెకండ్లలో నూట ముప్పదియడుగుల దూరము పోయి దిగెను.

ఆ బొమ్మలో రెండు రహస్యములు గలవు. మొదటిది తోక. దానిని రెక్కకంటె కొంచెము వేరు వాలులో నుంచుటచే బొమ్మ ముక్కు దించినను ఎత్తినను తనంత తానే సరిపడును. రెండవది రెక్కల కొనలు. వానిని అతడు చదునుగా నుంచక కొంచెము పైకి వంచెను. చదునుగానున్న రెక్కలతో బొమ్మ ఒకప్రక్కకు ఒరిగినచో ఒరిగినట్లే జారిపోవును. కొనలు పైకెత్తియున్నచో ఒరిగిన ప్రక్కను గాలి మరల పైకి లేపును. పెద్దలారా! ఈ రెండవ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో నాకు తరువాత పనియున్నది.

పెనో జీవితము సుఖాంతము కాలేదు. 1876లో మనుష్యులనెక్కించుకొని నీటిమీదనుండియు లేవగల పెద్ద విమానమునకు అతడు చిత్రపటములు వ్రాసి హక్కుపత్రమును పొందెను. దానిని కట్టుటకు ధనమిచ్చువారు దొరకలేదు. పలువురు పరిహసించిరి. వ్యాధియు నిరాశయు కలసి క్రుంగదీయగా 1880లో, ముప్పదియేండ్ల వయస్సున, అతడు ఆత్మహత్య చేసికొనెను. అతని పెద్ద విమానము కాగితముమీదనే నిలిచిపోయెను. రబ్బరు పట్టీ బొమ్మ మాత్రము అంగళ్లకెక్కి, సముద్రము దాటి, అమెరికా చేరెను.

1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అను మతాచార్యుడు ప్రయాణమునుండి వచ్చుచు పిల్లలకొక బొమ్మను తెచ్చెను. పెనో పద్ధతిని చేసిన ఆ బొమ్మలో బెండు, వెదురు, కాగితము, రబ్బరు పట్టీ యున్నవి. ఆయన దానిని చేతులలో దాచి తెచ్చి గాలిలోనికి విడువగా అది యింటికప్పును తాకి, కొంతసేపు రెపరెపలాడి నేల వ్రాలెను. పెద్దవాడు విల్బరుకు పదునొకండేండ్లు, చిన్నవాడు ఆర్విల్లుకు ఏడేండ్లు. బొమ్మ కొలది దినములకే విరిగిపోయెను. పిల్లలు దానిని చూచి తామే మరికొన్నింటిని చేసిరి. ప్రతి పర్యాయమును కొంచెము పెద్దదిగా చేసిరి. ఇక్కడ వారికొక వింత తోచినది. బొమ్మ పెద్దదైనకొలదియు ఎగురుట తగ్గిపోవుచుండెను. పెద్దది బాగుగా ఎగురవలెనుగదా! ఏల ఎగురదు?

దీనికి సమాధానము మన చేతిలోని మట్టిదిమ్మలో నున్నది. జానెడు పొడవు, జానెడు వెడల్పు, జానెడు ఎత్తుగల దిమ్మ నొకదానిని తలచుకొనుడు. ఈ మూడు కొలతలను రెట్టింపు చేయుడు. పైముఖమున పూర్వపు దిమ్మలు నాలుగు పట్టును. కాని మొత్తము దిమ్మలో ఎనిమిది పట్టును. అనగా వైశాల్యము నాలుగు రెట్లైనప్పుడు బరువు ఎనిమిది రెట్లగును. విమానమును పైకి నిలుపునది రెక్కల వైశాల్యము. క్రిందికి లాగునది బరువు. కావున బొమ్మను ఉన్నదున్నట్లు పెంచినంత మాత్రమున పెద్ద విమానము కాదు. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయగలదు, ఏనుగు మోయలేదు. ఈ సూత్రము ఆ పిల్లలకు అప్పుడు తెలియదు. బొమ్మ తమకొక ప్రశ్న వేసినదని మాత్రము తెలిసినది.

ఆ ప్రశ్నను సరిగా వినని పెద్దలును గలరు. అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ గొప్ప శాస్త్రజ్ఞుడు. 1896 మే 6న ఆయన ఆవిరియంత్రపు బొమ్మ విమానము పొటోమాక్ నదిమీద మూడువేల అడుగులకు పైగా ఎగిరెను. అంతటి బొమ్మ అంతకుముందు ఎగిరియుండలేదు. ప్రభుత్వము ధనమిచ్చెను. ఆయన మనిషిని మోయు పెద్దదానిని కట్టించెను. అది 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరియొకసారి నదిలో పడిపోయెను. బొమ్మకు చాలిన నిర్మాణబలము పెద్దదానికి చాలలేదు.

రైటు సోదరులు మరియొక మార్గమున పోయిరి. సైకిళ్లు బాగుచేయుట వారి వృత్తి. 1901లో వారు ఆరడుగుల పొడవుగల చెక్కపెట్టెకు ఒక కొనను పంకాను అమర్చి, అందులో గాలి వీచునట్లు చేసిరి. ఇనుపరేకులతో చిన్న చిన్న రెక్కలను దాదాపు రెండువందల రకములు కత్తిరించి, ఒక్కొక్కదానిని ఆ గాలిలో నిలిపి, ఏ వంపు ఎంత బరువును మోయునో కొలిచి వ్రాసికొనిరి. బొమ్మను పెంచుటకు ముందు బొమ్మను కొలిచిరన్నమాట. లాంగ్లీ యంత్రము రెండవసారి నదిలో పడిన తొమ్మిదవనాడు, 1903 డిసెంబరు 17న, కిట్టీహాక్ సమీపపు ఇసుకనేలమీద ఆర్విల్ రైట్ పండ్రెండు సెకండ్లు, నూటయిరువది అడుగులు ఎగిరెను. పెనో బొమ్మ పారిసులో పోయిన దూరము దీనికంటె పదియడుగులు ఎక్కువ!

ఇంతవరకు బొమ్మనుండి విమానము పుట్టిన కథ. ఇక విమానమునుండి మరల బొమ్మ పుట్టిన కథ వినుడు.

1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధముతో విమానము లోకమునకంతకు తెలిసినది. అప్పుడు బాలురకు, పెద్దలకు గూడ, ఫలానా విమానమువలెనే యుండు ప్రతిరూపమును చేయవలెనను కోరిక పుట్టెను. ఎగురుట ముఖ్యము కాదు, పోలిక ముఖ్యము. పోలికకు ప్రాణము కొలత. మీకు క్షేత్రపటము తెలియును. పూర్వము కరణముగారి కట్టలోనుండిన ఆ కాగితముమీద మీ పొలము అరచేతిలో ఇముడును. అయినను ఏ గట్టు ఎంత, ఏ మూల ఎటు అనునది తప్పదు. నేలమీది యిన్ని గొలుసులకు కాగితముమీద ఇంత యని ఒక్క కొలతను నిర్ణయించి, దానిని అన్నిప్రక్కల తప్పక పాటించుటచేతనే పటము నమ్మదగినదగును. బొమ్మ విమానమును అట్టిదే.

1932లో లండనులో స్కైబర్డ్స్ అను పేర కొన్ని పెట్టెలు అమ్మకమునకు వచ్చెను. వానిలో చెక్కముక్కలును చిన్న లోహపు భాగములును ఉండెడివి. కొనినవాడు వానిని చెక్కి, నునుపుచేసి, అతికి, రంగువేసికొనవలెను. జేమ్స్ హే స్టీవెన్స్ అనునాయన వీనికొక కొలతను నిర్ణయించెను. ఆరడుగులకు ఒక అంగుళము. అనగా డెబ్బదిరెండింట నొకవంతు. ఈ కొలతలో ఆరడుగుల మనిషి సరిగా ఒక్క అంగుళమగును. లెక్క యెంత సులభమో చూడుడు! విమానపు కొలత అడుగులలో తెలిసికొని ఆరుతో భాగించినచో బొమ్మకొలత అంగుళములలో వచ్చును. నేనానాడు నల్లబల్లమీద బోధించిన త్రైరాశికమే యిది. బల్లక్రింద ఆ బాలుడు చేయుచుండిన పనియు నిదియే. ఆ సంగతి గ్రహింపనివాడను నేను.

1936లో మరియొక మార్పు వచ్చెను. ఫ్రాగ్ అను పేర ఎగురు బొమ్మలను చేయుచుండిన ఇంగ్లీషు కంపెనీవారు, ఎగురని బొమ్మలను గూడ అచ్చుపోసిన భాగములుగా పెట్టెలలో పెట్టి అమ్మసాగిరి. చెక్కుటకు చెక్క లేదు. భాగములన్నియు సెల్యులోజు అసిటేటు అను ప్లాస్టికుతో పోసినవి. ఎగురని పక్షియగుటచే ఈ వరుసకు పెంగ్విన్ అని పేరుపెట్టిరి. వీనికిని డెబ్బదిరెండింట నొకవంతు కొలతనే గైకొనిరి. నేడు లోకమందంతట అంగళ్లలో దొరకు ప్లాస్టికు విమానపు పెట్టెలకు మూలమిదియే.

మూడేండ్లకు రెండవ మహాయుద్ధము వచ్చెను. బొమ్మకు అప్పుడొక కఠినమైన పని తగిలెను. ఆకాశమున వచ్చుచున్న విమానము మనదా, పగవానిదా? ఫిరంగివానికి ఆలోచించుకొనుటకు కొన్ని క్షణములే వ్యవధి. తప్పిన తనవారినే కూల్చును. ఆలస్యించిన తానే కూలును. ఈ గుర్తింపు నేర్పుటకు పటములకంటె బొమ్మలు మేలని తెలిసికొనిరి. ముప్పదియైదడుగుల దూరమునుండి చూచిన ఈ కొలత బొమ్మ, రెండువేల ఐదువందల ఇరువది అడుగుల దూరముననున్న నిజవిమానమంతగా కంటికి కన్పట్టును. అనగా దాదాపు అర మైలు. 1942లో అమెరికా నౌకాదళము దేశములోని పాఠశాలల బాలబాలికలను ఏబది రకముల విమానములకు, రకమునకు పదివేలచొప్పున, మొత్తము 5,00,000 బొమ్మలు చేసి యిమ్మని కోరెను. పిల్లలు చెక్కను చెక్కి, కొలతపట్టీలతో సరిచూచి, నల్లరంగు పూసి పంపిరి. కొలత తప్పినదానిని త్రిప్పివేయుచుండిరి. ఏ బడిలో ఏ ఉపాధ్యాయుడు బల్లక్రింది బొమ్మను లాగికొనెనో, ఆ ఉపాధ్యాయుడే ఆ యేడు దానిని బల్లమీద పెట్టించియుండును. బొమ్మ గౌరవము యుద్ధమువలన గాని పెరుగకపోవుట మాత్రము సంతోషింపదగిన విషయము కాదు.

యుద్ధానంతరము ఈ వినోదము సామాన్యుని యింటికి చేరెను. హంగరీనుండి వచ్చి లండనులో స్థిరపడిన నికోలస్ కోవ్ అనునాయన 1939లో ఎయిర్‌ఫిక్స్ అను కంపెనీని స్థాపించెను. మొదట గాలినింపు రబ్బరు బొమ్మలు, తరువాత దువ్వెనలు అతని సరకు. 1950 దశకమున ఒక పాతకాలపు ఓడబొమ్మను విడిభాగములుగా సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మించెను. దాని వెనుక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానము వచ్చెను. ఆ విమానమును తండ్రులు యుద్ధమున చూచియుండిరి. కుమారులు భోజనపుబల్లమీద కట్టసాగిరి. తరువాత కంపెనీలు మునిగినవి, తేలినవి. ఫ్రాగ్ వారి పని 1970 దశకమున ముగియగా వారి అచ్చులలో పెక్కు సోవియట్ దేశమునకు పోయెను. ఎయిర్‌ఫిక్స్ 1981లో దివాలాతీసి, చేతులు మారి, 2006లో హార్న్‌బీ వారిని చేరెను. జపానులో షిజువోకా పట్టణము ఈ పనికి పేరొందెను. ఇన్ని మారినను, ఆరడుగులకు అంగుళమను కొలత మారలేదు.

మన తెలుగు నేలకు ఈ కథతో సంబంధమున్నదా యని మీరడుగవచ్చును. ఉన్నది. 1918లో హైదరాబాదు నిజాము ఉస్మాన్ అలీఖాన్‌గారు బ్రిటిషు వైమానికదళపు 110వ పటాలమునకు డి.హెచ్. 9ఎ రకపు విమానములను కానుకగా నిచ్చిరి. ఆ పటాలము హైదరాబాదు పేరనే పిలువబడెను. ఆ విమానములలో నొకటి ఆ యేడు అక్టోబరులో జర్మనుల చేజిక్కి, వారి దేశమున ప్రదర్శింపబడి, తరువాత పోలండునకు చేరి, 1977లో తిరిగి బ్రిటిషు వైమానికదళపు ప్రదర్శనశాలకు వచ్చెను. దాని ప్రక్కను, నిజాముగారి కానుక యని తెలుపు అక్షరములు గలవు. 1940లో బ్రిటనుమీద జరిగిన ఆకాశయుద్ధమున స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ పటాలమునకు గూడ హైదరాబాదు పేరే. దాని చిహ్నమున నిజాముగారి తలపాగా యున్నది. నిజాముగారి సంపదకు మూలమేమి? తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల నాగలి. ఆ రైతులలో విమానమును కంట చూచినవారెందరు? బొమ్మ చేయువాడు ఆ అక్షరములను సూదిమొనవంటి కుంచెతో వ్రాయునప్పుడు ఈ ప్రశ్న అతనికి తోచినచో, చరిత్రపాఠము అంతకంటె బాగుగా ఎవరును చెప్పలేరు.

ఇక నా మాట. సుమారు ఇరువది యేండ్ల క్రిందట మా పొలములో నీటిమోటారు చెడిపోయెను. పట్టణమునుండి పిలిపించినవాడు వచ్చి, మోటారు విప్పి, లోపలి ఇరుసును కొలపరికరముతో మూడుచోట్ల కొలిచి, ఒకచోట వెండ్రుకవాసి అరిగినదని చెప్పెను. తరువాత నావంక చూచి, “మాస్టారూ! నన్ను గుర్తుపట్టలేదా?” అనెను. ఆ బాలుడే. తలనెరసినవాడు. పట్టణమున సొంతముగా లేతుమిషను పెట్టుకొని మోటార్లు బాగుచేయుచున్నాడు.

నేను తల వంచుకొని ఆ పాత విమానము మాట యెత్తితిని. అతడు నవ్వి యిట్లనెను: “అది పోయినా పరవాలేదు మాస్టారూ. అది ఎగిరేది కాదు. రెక్కలు చదునుగా పెట్టాను. తరువాత మా కళ్లములో ఇంకొకటి చేశాను. కొనలు పైకెత్తితే నిలిచింది. గడ్డివాము దాటి పోయింది.”

“నాకెందుకు చూపలేదు నాయనా?” అని అడిగితిని.

“చూపాలనే అనుకున్నాను. భయమేసింది.”

అయ్యా! పెనో పారిసులో కనిపెట్టిన రహస్యమును, పుస్తకము చూడక, ఒక పల్లెటూరి బాలుడు మా బడికి అరమైలులోనున్న కళ్లములో తనంత తాను తెలిసికొనినాడు. లెక్కల ఉపాధ్యాయుడనైన నేను అది చూడలేకపోతిని. నేను విరుగగొట్టిన బొమ్మవలన వానికి కలిగిన నష్టము స్వల్పము. వాడు మరియొకటి చేసికొనినాడు. నష్టపడినవాడను నేను. ఆ దినము మొదలు ఈ చరిత్రమును వెదకి చదువుట ప్రారంభించితిని.

క్రిందటి వేసవిలో మా మనుమడు హైదరాబాదునుండి స్పిట్‌ఫైర్ పెట్టె నొకటి తెచ్చెను. ఇద్దరము వసారాలో చాపమీద కూర్చుంటిమి. కాడలకు కాయలవలె భాగములు చట్రమునకు అంటుకొని యుండును. ప్రతిదానికి ఒక అంకె. వానిని త్రుంచి, అంచులు గరకుకాగితముతో రుద్ది, జిగురు లేకుండ ముందు అమర్చి చూడవలెను. సరిపడిన పిదపనే జిగురు. ఈ జిగురు తుమ్మబంకవంటిది కాదు. ఇది ప్లాస్టికునే కరగించి రెండు ముక్కలను ఒకటిగా చేయును. తప్పు అతికినచో మరల విడదీయుట కష్టము. తోక, రెక్కలు, ఒడలి రెండు బద్దలు, విమానచోదకుడు. వానికి కనుబొమలు దిద్దుట నా చేతగాక మనుమడే దిద్దెను. నిజవిమానపు రెక్కల వెడల్పు ముప్పదియారడుగుల పది అంగుళములు. బొమ్మది ఆరంగుళములకు కొంచెము ఎక్కువ. కొలబద్దతో కొలిచి చూచితిమి. సరిగానున్నది.

రెక్కలు అతికినప్పుడు అవి ఆరువరకు కొనలను కొంచెము పైకెత్తి పట్టియుండవలెను. నేను ఎడమరెక్కను పట్టుకొంటిని. “తాతయ్యా! ఇంకా ఆరలేదు. అప్పుడే చేయి తీయకు,” అని మనుమడు రెండుసార్లు చెప్పెను. నేను తీసితిని. ఎనుబదియేండ్లు దాటినను ఓర్పు రాలేదు చూడుడు!

బొమ్మ పూర్తియైన పిదప దానిని అట్టపెట్టెలో దూదిమీద పెట్టుకొని, మనుమని వెంటబెట్టుకొని బస్సెక్కి పట్టణమునకు పోయి, ఆ లేతుమిషను దుకాణములో నా శిష్యుని చేతిలో పెట్టితిని. అతడు చేతులు నూనెగుడ్డకు తుడిచికొని, బొమ్మను తోకప్రక్కనుండి కంటికి సూటిగా పట్టి, ఒక కన్ను మూసి, చాలసేపు చూచెను. తరువాత మెల్లగా, “ఎడమరెక్క కొంచెం క్రుంగింది మాస్టారూ,” అనెను.

నేను మారుమాటాడలేదు. మనుమడు నావంక చూచి నవ్వెను.

పెద్దలారా! మీ యింటను ఏదో యొక మూల ఏ బాలుడో పుల్లలు, కాగితములు ముందు పోసికొని కూర్చుండవచ్చును. చదువు పాడుచేసికొనుచున్నాడని మీకు కోపము రావచ్చును. చదువవలసిన వేళ చదువుమనుటయు న్యాయమే. కాని లాగికొనకుడు. ప్రక్కను కూర్చుండి, “ఎన్ని అడుగులకు ఎన్ని అంగుళములు నాయనా?” అని ఒక్కమాట అడుగుడు. వాడు చెప్పగలిగినచో లెక్క వచ్చినదన్నమాట. చెప్పలేనిచో ఇద్దరును కలసి కొలిచి చూడుడు. వాడు చేసినది ఎగురవచ్చును, ఎగురకపోవచ్చును. ఎగిరిననాడు మాత్రము మీకు చూపుటకు వాడు భయపడకుండ నుండవలెను.